మంద్రంలో గరుకు

శనివారం, తిరుపతి

ఎండ ముదరకముందే పని తెమల్చుకోవాలని కాఫీ తాగగానే మేడ మీది గదికి వెళ్లాను. చిత్తూరు మిత్రుడు పలకల రికార్డింగు రాత్రే పంపాడు. మంటకు కాచి బిగించిన తోలు మీద పుల్ల పడిన ప్రతి దెబ్బా విడివిడిగా, తేటగా వినిపిస్తోంది. ఒక నృత్య ప్రదర్శనకు పాట కడుతున్నాడు. పలకలూ గొంతులూ అతను చూసుకుంటాడు, కింద నడిచే సింథ్ బేసు (ఎలక్ట్రానిక్ సింథసైజర్‌తో పుట్టించే మంద్ర స్వరం) నాది. "నేల అదరాలి, పలక మాత్రం మునగకూడదు" అన్నాడు. ఆ ఒక్క మాట మీదే రోజంతా గడిచింది.

పాట ఆరు శ్రుతిలో ఉంది. బాగా కిందికి దిగితే షడ్జం 55 హెర్ట్జ్, అంటే సెకనుకు 55 కంపనాలు. దాని మీద ఒక సాటూత్ తరంగం (రంపపు పళ్ల ఆకారంలో ఉండేది), పక్కనే 55.5 దగ్గర ఇంకొకటి పెట్టాను. 1988లో డెట్రాయిట్ సంగీతకారుడు కెవిన్ సాండర్సన్ రీస్ అన్న పేరుతో తెచ్చిన రికార్డు నుంచి ఇలాంటి ధ్వనిని రీస్ బేసు అంటున్నారు. అర హెర్ట్జ్ తేడా కనుక అడుగు స్వరం రెండు సెకన్లకొకసారి ఉబ్బి తగ్గుతుంది. పదో హార్మోనిక్ (అడుగు స్వరానికి పదింతల వేగంతో కంపించే పై స్వరం) దగ్గర అదే తేడా పదింతలై సెకనుకు అయిదు సార్లు ఊగుతుంది. కింద నిదానం, పైన తొందర, రెండూ ఒకే స్వరంలో! నాకు ఈ ధ్వని మీద ఇంత మక్కువ అందుకే. పాట నడక నిమిషానికి 120 దెబ్బలు. అంటే నాలుగు దెబ్బల ఆవృత్తానికి సరిగ్గా రెండు సెకన్లు. స్వరం మొదలైన ప్రతిసారీ రెండు తరంగాలూ ఒకే చోటు నుంచి బయలుదేరేలా పెడితే, బేసు ఊపు పలకల ఆవృత్తంతో కలిసి నడుస్తుంది.

ఇక డిస్టార్షన్, అంటే తరంగం కొసలు కోసి ధ్వనిని గరుకు చేయడం. దాన్ని చాలామంది చివర్లో చల్లే కారంగా చూస్తారు. నా దృష్టిలో స్వరం తయారయ్యేదే అక్కడ. రెండు తరంగాలనూ విడివిడిగా డిస్టార్షన్‌లోకి పంపి తర్వాత కలిపితే దళసరిగా, నిలకడగా ఉంటుంది, గుర్రుమనదు. ముందు కలిపి తర్వాత పంపితే కథ వేరు. రెండూ కలిసొచ్చినప్పుడు తరంగం పెద్దదై కొసలు తెగిపోతాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకున్నప్పుడు చిన్నదై దాదాపు అలాగే దాటిపోతుంది. గరుకు తనంతట తానే పుడుతుంది, తానే అణగుతుంది. నాకు కావలసింది అదే.

అయితే అలా కొట్టేసుకునే క్షణంలో 55 హెర్ట్జ్ కూడా మాయమవుతుంది. ఆవృత్తానికొకసారి కాళ్ల కింద నేల లేకుండా పోతే ఎవరు ఆడతారు? అందుకే ఈ పొరలో 100 హెర్ట్జ్ కిందిదంతా కోసేసి, దాని అడుగున శుభ్రమైన సైన్ తరంగాన్ని (హార్మోనిక్‌లు లేని ఒంటి స్వరాన్ని) వేరే పొరగా పెట్టాను. దానికి వెడల్పు లేదు, ఊపు లేదు, మధ్యలో స్థిరంగా ఉంటుంది.

కానీ ఈ సైన్ ఫోనులో వినపడదు. ఆ చిన్న స్పీకర్లు 200 హెర్ట్జ్ కింద పలికేది బహు తక్కువ. దాని నకలు ఒకటి తీసి కాస్త డిస్టార్షన్ ఇచ్చాను. తరంగాన్ని పైనా కిందా సమానంగా కోస్తే బేసి హార్మోనిక్‌లే వస్తాయి: 165, 275, 385. కోసే ముందు తరంగాన్ని కొంచెం ఒక పక్కకు జరిపితే సరి సంఖ్యలవీ చేరతాయి. అప్పుడు 220, 275, 330 వరసగా 55 ఎడంతో నిలుస్తాయి. ఆ ఎడం అందితే చాలు, స్పీకర్ పలకని షడ్జాన్ని చెవి తానే పూరించుకుంటుంది. ఎన్నిసార్లు విన్నా నాకిది అద్భుతమే. పక్కకు జరపడం వల్ల మిగిలే డీసీని (తరంగం మొత్తం ఒక పక్కకు ఒరిగి ఉండటాన్ని) మాత్రం తర్వాత ఫిల్టర్‌తో తీసేయాలి.

మధ్యాహ్నం సంగటి తిన్నాక మా వీధి చివర ఉండే సంగీతం మాస్టారింటికి వెళ్లాను. తంబురాకు నూలుపోగులు మార్చాలి, కళ్లు ఆనడం లేదు, సాయం రమ్మని రెండు రోజుల కిందటే చెప్పారు. తీగలు ఆనుకునే గుర్రం పైభాగం సన్నటి వాలుతో ఉంటుంది. మంద్ర తీగ కిందికి పోగు దూర్చి మీటితే మొదట పొట్టిగా, మొద్దుగా పలికింది. "వేలితో ముందుకు లాగు, ఇంకాస్త, ఆగు, వెనక్కి" అంటూ ఆయన చెవి దగ్గరగా పెట్టారు. పోగు ఒక చోటికి చేరగానే ధ్వని ఒక్కసారిగా విచ్చుకుంది. పై స్వరాలు ఒక్కొక్కటే పైకి లేచి, మెరిసి, మెల్లగా కిందికి జారాయి.

"ఎక్కువైతే బుసకొడుతుంది, తక్కువైతే మూగబోతుంది. వెంట్రుకవాసి చోటమ్మా అది" అన్నారు.

తీగ ఏ బిందువులో మీటితే అక్కడ నిశ్చలంగా ఉండాల్సిన హార్మోనిక్‌లు పలకకూడదన్నది పాత సూత్రం. తంబురాలోనూ వీణలోనూ అవి పలుకుతున్నాయని సి.వి. రామన్ 1921లో రాశారు. ఆ వాలు మీద తీగ ఆనుతూ విడుతూ ఉండటమే కారణం. మీటులో లేని స్వరాలను గుర్రం పుట్టిస్తోంది. పొద్దుటి నుంచి నేను సాఫ్ట్‌వేర్‌తో చేయిస్తున్నదీ ఆ జాతి పనే.

ఫోనులో నా బేసు వినిపించాను. ఆయన కాసేపు విని, తల ఊపి, షడ్జం సన్నగా అందుకున్నారు. సరిగ్గా అదే స్వరం! నా ఆనందానికి హద్దు లేదు. తర్వాత, "అడుగు బాగా నిలిచింది తల్లీ. పైన మాత్రం అంతసేపు అరవనివ్వకు" అన్నారు.

ఇంటికొచ్చి సాయంత్రమంతా ఆ మాట పట్టుకునే కూర్చున్నాను. డిస్టార్షన్‌కు ముందు పై స్వరాలను ఆపే ఒక ఫిల్టర్ పెట్టి, మూడో దెబ్బ దగ్గర మాత్రం అది తెరుచుకుని వెంటనే మూసుకునేలా చేశాను. ఫిల్టర్ తర్వాత ఉంటే ధ్వనికి కాంతి తగ్గుతుందంతే. ముందు ఉంటే లోపలికి వెళ్లే సరుకే మారుతుంది కనుక బేసు నోరు తెరిచి అచ్చు పలికినట్టు ఉంటుంది. ఓవర్‌శాంప్లింగ్, అంటే డిస్టార్షన్ లెక్కకు సెకనుకు తీసుకునే నమూనాల సంఖ్య, నాలుగింతలు పెట్టాను. లేకపోతే నా రికార్డింగు హద్దైన 22,050 హెర్ట్జ్ దాటిన హార్మోనిక్‌లు వెనక్కి మడతపడి, స్వరానికి సంబంధం లేని ఇసుక రాలుతుంది. పలక దెబ్బ పడే క్షణంలో పై పొర మాత్రం కొద్దిగా తగ్గుతుంది. సైన్ తగ్గదు.

రాత్రి భోజనం వేళకు చిత్తూరు మిత్రుడికి పంపాను. గంటలోపే ఫోను వచ్చింది. బేసు అతనికి బాగా నచ్చింది, కానీ పాడే అమ్మాయి నాలుగు శ్రుతికి దించమంటోందట. అక్కడ షడ్జం 43.65. సింథ్‌లో రెండు తరంగాల ఎడం స్వరంతో పాటే తగ్గి 0.4 అవుతుంది, ఊపు రెండున్నర సెకన్లకు సాగి ఆవృత్తం దాటిపోతుంది. దాన్ని మళ్లీ అర హెర్ట్జ్‌కు తేవాలి. ఫోను కోసం పెట్టిన పొరలో కూడా 200 పైన పలికేవి ఇప్పుడు అయిదో హార్మోనిక్ నుంచే మొదలవుతాయి, కనుక డ్రైవ్ (డిస్టార్షన్ మోతాదు) కాస్త పెంచాలి. రేపు పొద్దున్నే కూర్చుంటాను.