బాస్ మీద కార్టూన్, నా పేజీకి తాళం

శాలిహుండం, శ్రీకూర్మం, మా శ్రీకాకుళం చుట్టుపక్కల ఊళ్ల ఫొటోలు ఓ సోషల్ మీడియా యాప్‌లో పెట్టే చిన్న పేజీ నాది. 2024లో ఆ యాప్‌వాళ్లు డబ్బు కట్టని పేజీల పోస్టులు సొంత ఫాలోయర్లకే కనబడకుండా చేశారు. ఒళ్లు మండి కంపెనీ పెద్దాయన కార్టూన్ గీశాను. కింద "మావోళ్లని మాకే అమ్ముతున్నావేటి బావూ?" అని రాశాను. ఓ రోజంతా డీపీలు నల్లగా ఉంచుదామని తోటి పేజీలవాళ్లకి పిలుపిచ్చాను.

తెల్లారేసరికి కార్టూన్ లేదు, అది ‘వేధింపు’ట. పిలుపూ లేదు, అది ‘స్పామ్’ట. సాయంత్రానికి పేజీకే తాళం.

పెద్దోళ్ల దగ్గరా ఇదే వరస. జనం చర్చలు పెట్టుకునే రెడిట్ సైటు సీఈఓ స్టీవ్ హఫ్‌మన్ తనను తిట్టిన కామెంట్లను 2016లో గుట్టుగా మార్చేసి, బయటపడ్డాక ఒప్పుకున్నాడు. 2023 జూన్‌లో ఏపీఐ (బయటి యాప్‌లు రెడిట్ డేటా వాడుకునే దారి) ఛార్జీలకు నిరసనగా వేలాది సబ్‌రెడిట్లు, అంటే అందులోని చర్చా గ్రూపులు, మూసేస్తే, తెరవకపోతే వాటిని నడిపే మోడరేటర్లను మార్చేస్తామని కంపెనీవాళ్లు బెదిరించారు. అక్కడ వేలమంది. ఇక్కడ నేను, టెక్కలి వైపు ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు.

యాప్‌లో ‘రివ్యూ’ నొక్కితే టీ చల్లారకముందే తిరస్కరించారు. మనిషి చూసిన జాడే లేదు. ఏడురోడ్ల జంక్షన్‌ దగ్గర నెట్ షాపు నడిపే మా బావ నవ్వాడు: "ఆ బటన్ నొక్కితే ఏటొస్తాది బావా? కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయి."

50 లక్షలకు పైగా వాడుకదారులున్న కంపెనీ మన దేశంలో ఆ ఆఫీసర్‌ని పెట్టి తీరాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, అప్పట్లో 15 రోజుల్లో తేల్చాలి (2026లో దీన్ని 7 రోజులకు తగ్గించారు). మెయిల్లో ఆవేశం పెట్టలేదు. స్క్రీన్‌షాట్లు, తీసేసిన తేదీలు, వాళ్లు చెప్పిన కారణాలు పెట్టి ఒకటే అడిగాను: ఆ బొమ్మలో ఏ గీత వేధింపు? జవాబొచ్చింది. నా పేరు తప్ప అంతా అచ్చుపోసిన కాగితమే. కానీ పై మెట్టెక్కాలంటే కావలసింది సరిగ్గా ఆ కాగితమే.

ఆ పై మెట్టు 2023లో కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీ. ఆఫీసర్ జవాబు అందిన 30 రోజుల్లోపు అప్పీలు చెయ్యాలి. అంతా ఆన్‌లైనే, ఢిల్లీ రైలెక్కక్కర్లేదు. పోస్టులు తీయించే అధికారమున్న సర్కారు దగ్గరికే పోస్టు నిలబెట్టమని వెళ్లడం నాకు మింగుడుపడలేదు. అయినా వేరే గుమ్మం కనబడలేదు. కోర్టు ఖర్చు మనవల్ల అయ్యేది కాదు.

కమిటీ తేల్చకముందే కంపెనీ మెత్తబడింది. ఓ రాత్రి పేజీ తెరుచుకుంది, కార్టూనూ వచ్చింది. ఎందుకు తీశారో, ఎందుకు పెట్టారో ఒక్క ముక్క రాయలేదు. పిలుపు పోస్టు మాత్రం ఇప్పటికీ రాలేదు.

టెక్కలి కుర్రాడొకడి పేజీకి తాళం అలాగే ఉంది. జవాబొచ్చిన మెయిల్ చూసుకోకుండా 30 రోజులూ దాటించేశాడు. వాడి ఫిర్యాదు మళ్లీ మొదట్నుంచి రాస్తున్నాం.