మా కారు తలుపులు, సుశీలమ్మ గొంతు

విజయనగరంలో మా ఇంటి నుంచి శ్రీకాకుళంలో నా ఆఫీసుకి గంటన్నర దారి. నాతవలస దగ్గర హైవే ఎక్కాక పూసపాటిరేగ, రణస్థలం, ఎచ్చెర్ల దాటేదాకా నాకు తోడు పాటలే. రానూపోనూ రోజుకి మూడు గంటలు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో కొన్న మా చిన్న కారులో కంపెనీ స్టీరియో నన్ను అంత బాధపెట్టింది. మృదంగం, ఘటం ఒకేలా మోగేవి. తంబురా వినిపించేదే కాదు. వాల్యూమ్ సగం దాటితే గొంతు చీలిపోయేది.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను, స్టీరియో మార్చాను. 9 అంగుళాల ఆండ్రాయిడ్ సెట్టు, 11,000 రూపాయలు. అట్టపెట్టె మీద ‘50 వాట్లు × 4’ అని పెద్దక్షరాలతో ఉంది. అది పీక్ లెక్క, ఒక్క క్షణం మాట. కారు నడుస్తున్నప్పుడు వచ్చే కరెంటు 14 వోల్టుల చిల్లర. దాంతో 4 ఓమ్‌ల స్పీకర్‌కి స్టీరియోలోని చిప్ గొంతు చీలకుండా ఇవ్వగలిగేది 20 వాట్ల చుట్టుపక్కలే. పాత సెట్టు ఇచ్చిందీ ఇంచుమించు అంతే. పెద్ద స్క్రీను వచ్చింది, రివర్స్ కెమెరా వచ్చింది, పాట మాత్రం ఉన్నచోటే ఉంది. కొనేవాళ్ళు ఆర్‌ఎంఎస్ అని, అంటే ఆగకుండా నిలకడగా ఇవ్వగలిగే వాట్లని, రాసిన అంకె ఒక్కటే చూడండి. అది రాయకపోతే అడగండి.

పైగా బిగించిన షాపులో మా కారుకి సరిపోయే కప్లర్, అంటే వైర్లు కత్తిరించకుండా కలిపే ప్లగ్గు, లేదని వైర్లు కత్తిరించి, మెలిపెట్టి, టేపు చుట్టేశారు. కొన్ని వందలు పెడితే దొరికే కప్లర్ కోసం రెండు రోజులు ఆగి ఉంటే కంపెనీ వైరింగ్ చెక్కుచెదరకుండా ఉండేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ ఆదివారం అమ్మని అరసవల్లి తీసుకెళ్ళాను. అమ్మకి పి. సుశీల అంటే ప్రాణం. మా ఊరి పిల్ల, మన మహారాజా సంగీత కళాశాలలో చదువుకుందని ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టే చెప్తుంది. పూసపాటిరేగ దాటాక పాత పాట ఒకటి పెట్టాను. రెండు చరణాలు విని అమ్మ అంది: “ఏట్రా నాయనా, సుశీలమ్మ ఎటునుంచి పాడతందో తెలీడం లేదు. పాతదే నయం కదా.”

నిజమే. గొంతు ఎడమ నుంచీ కాదు, కుడి నుంచీ కాదు, కారంతా పొగలా పరుచుకుని ఉంది. కింది స్వరాలు అసలే లేవు.

మా వీధిలో పెళ్ళిళ్ళకి మైక్‌సెట్ కట్టే పెద్దాయన ఉన్నారు. నేను బాబాయ్ అంటాను. సాయంత్రం ఆయన్ని కారులో కూర్చోబెట్టాను. బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి తిప్పి విన్నారు, కుడికి తిప్పి విన్నారు, మధ్యకి తెచ్చారు. “విడివిడిగా బాగానే ఉన్నాయిరా. కలిపితేనే గొంతు పోతంది. ఒకదానికి ప్లస్సు మైనస్సు తిరగబడిపోయుంటాది” అన్నారు.

రెండు ముందు తలుపుల ట్రిమ్ములూ, అంటే లోపలివైపు ప్లాస్టిక్ పలకలు, ఊడదీశాం. బాబాయ్ గోడ గడియారంలోని సెల్లు తెప్పించారు, 1.5 వోల్టులది. స్టీరియో వెనక, ఆ మెలికలు విప్పి, కుడి స్పీకర్ వైర్లకి సెల్లు తాకించారు. ‘టప్’ మని కాగితం కోను బయటికి ఉబ్బింది. అదే రంగుల లెక్కన ఎడమ వైర్లకి తాకించారు. మళ్ళీ ‘టప్’, కానీ ఈసారి కోను లోపలికి పోయింది. ఒక మిల్లీమీటరు కదలిక. నేను వేలు ఆనించి మరీ చూశాను.

పాత పాటలు మోనోలో రికార్డయినవి. రెండు స్పీకర్లకీ వెళ్ళేది ఒకే ధ్వని. ఒకటి గాలిని నెట్టేటప్పుడు రెండోది లాగేస్తుంటే కింది స్వరాలు ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి, గొంతుకి నిలబడే చోటు ఉండదు. రెండు వైర్లు మార్చి కలిపి, ఈసారి టంకం పెట్టి స్లీవ్ తొడిగాం. పాట పెడితే సుశీలమ్మ డ్యాష్‌బోర్డు మధ్యకి వచ్చి నిలబడింది. ఖర్చు, కాస్త టంకం.

ట్రిమ్ములు ఎలాగూ తీసి ఉన్నాయి కాబట్టి బాబాయ్ తలుపు రేకు మీద వేలితో కొట్టారు. ఖాళీ నూనె డబ్బాలా ఖణేల్‌మంది. “నీ స్పీకర్‌కి పెట్టె ఇదేరా” అన్నారు. ఆ మాటకి నాకు బొబ్బిలి వీణ గుర్తొచ్చింది. గొల్లపల్లిలో దాన్ని ఒకే పనస దుంగ తొలిచి చేస్తారు, కుండకీ దండికీ మధ్య అతుకు ఉండదు. వీణ కుండ తీగతో పాటు పలకాలి. కారు తలుపు పలకకూడదు, స్పీకర్ ఒక్కటే పలకాలి. మా తలుపు ప్రతి తాళానికీ తన గొంతు కలుపుతోంది.

విశాఖ వెళ్ళి బ్యూటైల్ షీట్లు తెచ్చాను. నల్లటి జిగురు రబ్బరు మీద అల్యూమినియం రేకు ఉండేవి. ముందు రెండు తలుపులకీ 4,000 రూపాయలైంది. లోపలి దుమ్మంతా తుడిచి, థిన్నర్ గుడ్డతో జిడ్డు తీసి, మధ్యాహ్నం ఎండలో షీటు మెత్తబడ్డాక అతికించాం. చిన్న రోలర్‌తో షీటు రేకు మీది గళ్ళ అచ్చు చదునయ్యేదాకా నొక్కాలి. రేకు అంచులు కత్తుల్లా ఉంటాయి, గ్లవ్స్ వేసుకోండి. బయటి రేకుకి కొంత, లోపలి రేకులోని పెద్ద కన్నాల మీద కొంత వేశాం. ఆ కన్నాలు మూస్తే స్పీకర్ వెనక నుంచి వచ్చే ధ్వని ముందుకొచ్చి కలవదు. తలుపు అడుగున నీళ్ళు కారిపోయే రంధ్రాలు మాత్రం మూయకండి. మన తుఫాను వానలకి తలుపు తొట్టె అయిపోయి తుప్పు పడుతుంది. ట్రిమ్ము బిగించేముందు అద్దం ఒకసారి పైకీ కిందికీ నడిపి చూడండి. ప్లాస్టిక్ క్లిప్పులు ఓ పది అదనంగా దగ్గర పెట్టుకోండి, పాతవి ఎండిపోయి విరుగుతాయి.

అయ్యాక బాబాయ్ మళ్ళీ వేలితో కొట్టారు. దుంగ మీద కొట్టినట్టు ‘దబ్’ మంది. తలుపు వేసిన చప్పుడు కూడా మారిపోయింది.

అదే కాగితం స్పీకర్లతో వారం విన్నాను. తంబురా మొదటిసారి వినిపించింది ఆ వారంలోనే. మళ్ళీ మొదలుపెడితే నేను ముందు తలుపులే చేయిస్తాను, స్టీరియో ఊసే ఎత్తను.

తర్వాత 5,500 పెట్టి 6.5 అంగుళాల కాంపోనెంట్ స్పీకర్లు వేయించాను. వీటికి ట్వీటర్, అంటే పై స్వరాలు పలికే చిన్న స్పీకర్, విడిగా ఉంటుంది. పై స్వరాలు సూటిగా పోతాయి, మోకాలి దగ్గర ఉంటే సీటు అడ్డు పడుతుంది. అందుకే అద్దం మూల ముక్కోణంలో బిగించాం. స్పీకర్ కింద రింగులు ప్లాస్టిక్‌వే అడిగాను, చెక్కపొట్టు నొక్కి చేసిన ఎండీఎఫ్‌వి తడికి ఉబ్బిపోతాయి. 50 వాట్ల ఆర్‌ఎంఎస్ ఆంప్లిఫయర్ సీటు కింద పెట్టాం. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాం. ఎర్త్ వైరుకి రంగు గీకి, మెరిసే ఇనుము మీదే బోల్టు బిగించాం.

చివరిది సెట్టింగు. స్టీరియోలో ఒక్కో స్పీకర్‌ని ఆలస్యంగా పలికించే ఏర్పాటు ఉంది. కుడి స్పీకర్ నాకు 90 సెంటీమీటర్లు, ఎడమది 140. ధ్వని మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. తేడా 50 కాబట్టి, రెండూ ఒకేసారి చెవిన పడేలా కుడిదాన్ని 1.5 మిల్లీసెకన్లు ఆలస్యం చేశాను. తలుపు స్పీకర్లకి 80 హెర్ట్జ్‌ల కంటే కింది స్వరాలు వెళ్ళకుండా కోత పెట్టాను. వాట్సాప్‌లో వచ్చిన పాటలు తీసేసి, మంచి కాపీలు పెన్ డ్రైవ్‌లో వేసుకున్నాను.

మళ్ళీ ఆదివారం అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాను. ఆలస్యం నా సీటుకి కట్టిన లెక్క కాబట్టి, అమ్మ వైపుకి వేరే సెట్టింగు చేసి పెట్టాను. ఎచ్చెర్ల దాకా మాట్లాడలేదు. అక్కడ పాట అయిపోతే, “మళ్ళీ అదే ఎట్టు” అంది.

వెనక తలుపులు ఇంకా అలాగే ఉన్నాయి. రెండు షీట్లు మిగిలాయి, వచ్చే ఎండ పూట బాబాయ్‌ని పిలవాలి.