రెండో తాళంచెవి ఓనర్ దగ్గర
తాళం వేసే ఉంది, భుజంతో కాస్త నెడితే చాలు తలుపు తెరుచుకుంటోంది. చెదలు తిన్న చెక్కలోంచి గొళ్లెం స్క్రూలు ఊడొచ్చేశాయి.

కొర్లగుంటలో ఈ పోర్షన్‌కి అడ్వాన్స్ లెక్కపెట్టి మరీ తీసుకున్న ఓనర్ అంకుల్ "అదంతా మీరే చేయించుకోవాలమ్మా" అంటాడు. పైగా రెండో తాళంచెవి ఆయన దగ్గరే, అదింకో టెన్షన్!

ఈరోజు కోర్టులో న్యాయసేవాధికార సంస్థ వాళ్లని కలిశాను. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా లాయర్‌ని ఉచితంగా పెట్టిస్తారు, సలహాకైతే 15100కి ఫోన్ చేసినా సరే. అక్కడి మేడమ్ ముందు అడిగింది ఒక్కటే, అగ్రిమెంట్‌లో రిపేర్ల గురించి ఏం రాసుకున్నారని. తలుపు ఫోటోలు తీసి ఓనర్‌కి రాతలో పెట్టమన్నారు, నోటి మాట లెక్కలోకి రాదట.

వాట్సాప్‌లో పెట్టేశా. చూశాడు, జవాబు లేదు. కదలకపోతే నోటీసు పంపిద్దాం అన్నారు మేడమ్.