నిలంబూరు టేకు తోటల్లో

పెరట్లో ఎండకూ వానకూ ఆగే బల్ల, రెండు కుర్చీలు చేయించాలని విజయవాడలో కలప అడితులు తిరిగాను. "అసలైన బర్మా టేకండీ" అన్నవాళ్లే గానీ, చెట్టు ఎక్కడ కొట్టారో కాగితం చూపినవాళ్లు లేరు. బర్మా, అంటే ఇప్పటి మియన్మార్, 2014లోనే దుంగల ఎగుమతి ఆపేసింది. ఈలోగా కేరళ వెళ్లే పని పడింది. టేకుకు పేరుమోసిన నిలంబూరు చూడకుండా రాబుద్ధి కాలేదు.

షొర్నూరులో ప్యాసింజరు ఎక్కాను. 1920లలో ఈ లైను వేసింది ముఖ్యంగా కలప కోసమే. దారిలో స్టేషన్ల చుట్టూ ఇప్పటికీ టేకు చెట్లే.

చాలియార్ నది ఒడ్డున కానొలీ తోట. ఓడల కోసం మలబారు అడవుల్లో టేకు తరిగిపోతుంటే, బ్రిటిష్ కలెక్టరు కానొలీ 1840లలో నాటించడం మొదలుపెట్టాడు. మొదట్లో గింజలు మొలవలేదు. మొలిపించి, ఏళ్ల తరబడి తోటలు పెంచినవాడు ఆయన కింద పనిచేసిన చాత్తు మేనోన్. తోటకు కలెక్టరు పేరు దక్కింది, నా దండం మాత్రం మేనోన్‌కే.

1995లో తెరిచిన టేకు మ్యూజియంలో చాలాసేపు గడిపాను. ఆరుబయట సామానుకు పనికొచ్చేది చేవ, అంటే మాను నడిమి ముదురు కర్ర. చెదలనూ బూజునూ తట్టుకునే సహజ నూనెలు అందులోనే ఉంటాయి. చుట్టూ ఉండే తెల్లకర్ర వానకు నిలవదు. లేత చెట్టులో తెల్లకర్ర పాలు ఎక్కువ. అందుకే తొందరపడి నరికిన టేకు అడవికీ మేలు చేయదు, కొన్నవాడికీ మన్నదు.

ఇక్కడి అటవీ శాఖ డిపోలో దుంగ చివర్ల నెంబర్లు, శాఖ సుత్తి ముద్రలు ఉంటాయి. అమ్మకం వేలంలో. ఏ దుంగ ఎక్కడిదో చెప్పగలగడం కొనేవాడికి ఎంత భరోసానో! అయినా తోట అడవి కాదు. ఒక్క టేకే పెరిగే నేలలో అడవిలో ఉన్నన్ని మొక్కలూ పిట్టలూ ఉండవు. ఈ తోటల్లో కొన్ని అడవి కొట్టి వేసినవే. నన్ను బాగా కలవరపెట్టింది ఇదే.

అక్కణ్నుంచే మా వడ్రంగి మేస్త్రికి ఫోన్ చేశాను. "మేస్త్రీ, ఎక్కడైనా పాత మండువా ఇల్లు పడగొడుతుంటే ముందు ఆ దూలాలు అడుగు. దొరక్కపోతే డిపో వేలం రసీదు, రవాణా పర్మిట్ చూపించేవాడి దగ్గరే తీసుకుందాం."

"పాత దూలాల్లో మేకులు ఏరాలండీ. కూలి ఎక్కువవుద్ది."

"ఇస్తాను. తెల్లకర్ర మాత్రం ఒక్క పలకలోనూ రానివ్వకు."