నాన్న భోజనం, నా ఫోను

నాన్నకు డయాలసిస్ మొదలై ఏడాది దాటింది. మొదట్లో, ఒంటికి చలువ చేస్తుందని రోజూ కొబ్బరినీళ్లు తాగించింది మేమే. తలచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. కప్పు కొబ్బరినీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుందని, కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పే ప్రమాదముందని ఫోనులో ఆహార యాప్ పెట్టుకున్నాకే తెలిసింది. ఆస్పత్రి కాగితంలో ‘పొటాషియం తగ్గించండి’ అన్న ఒక్క ముక్కే ఉంది.

మంచిదని నేను కొనితెచ్చిన ‘సోడియం తక్కువ’ ఉప్పులో సోడియం బదులు కలిపేది పొటాషియం క్లోరైడ్ అట! ఆ పొట్లాం ఆ రాత్రే వంటింట్లోంచి తీసేశాను.

అయితే ఆ యాప్‌లో అవకాడో ఉంది, గోంగూర లేదు. పప్పుచారు లేదు. పైగా అంతా ఇంగ్లిష్. నేను చదివి చెబుతుంటే అమ్మ వింటుంది. పొటాషియం కొంత నీళ్లలోకి దిగిపోవాలని బంగాళాదుంప చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తుంది. ‘సారమంతా పోయిందే’ అని మొదట్లో బాధపడేది. ఇప్పుడు నాన్న తాగే నీళ్లు కూడా గీతలున్న సీసాలో కొలిచి పోస్తుంది.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇలాంటి అమ్మలు ఎందరో. వాళ్లకు గోంగూర గురించి తెలుగులో, చదవనక్కర లేకుండా గొంతుతో చెప్పే యాప్ కావాలి. తయారుచేసే వారెవరైనా ఉంటే చెప్పండి, మా అమ్మ వంటల కొలతలన్నీ రాసి పంపుతాను.