మనకు తోకలో, ఇంగ్లీషుకు తలలో

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర

పొద్దుటి నుంచీ ముసురే. సాయంత్రమంతా పదో తరగతి ఇంగ్లీషు నోట్సులు దిద్దడంతో సరిపోయింది. నోట్సు తర్వాత నోట్సులో ఒకటే తప్పు. 'ఐ డిడ్ నాట్ కమ్ టు స్కూల్' అని రాసి ఫుల్‌స్టాప్. పక్కనే పెద్ద 'బీ'తో 'బికాజ్ ఇట్ వాజ్ రైనింగ్', మళ్లీ ఫుల్‌స్టాప్.

దీన్ని అశ్రద్ధ అనుకోవడం అన్యాయం. 'నేను బడికి రాలేదు. ఎందుకంటే వాన పడుతోంది' అని తెలుగులో రెండు వాక్యాలుగా రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు. మన 'ఎందుకంటే' కొత్త వాక్యాన్ని మొదలుపెట్టగలదు. ఇంగ్లీషు 'బికాజ్' అలా కాదు. అది ఏ మాటల ముందు చేరితే అవి సబార్డినేట్ క్లాజ్, అంటే ఇంకొకదాని మీద ఆధారపడిన ఉపవాక్యం, అయిపోతాయి. ఆనుకోవడానికి మెయిన్ క్లాజ్, అంటే ప్రధాన వాక్యం, అదే వాక్యంలో ఉండాలి. ఎవరైనా 'వై?' అని అడిగితే నోటితో 'బికాజ్' అని మొదలుపెట్టి జవాబు చెప్పొచ్చు. పరీక్ష పేపర్లో మాత్రం అది సగం వాక్యమే.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. తెలుగులో వాక్యం ఇంకొకదాని మీద ఆధారపడిందని చెప్పేది క్రియ తోక. పడి, పడితే, పడినా, పడుతూ. క్త్వార్థకం, చేదర్థకం, అప్యర్థకం, శత్రర్థకం అని మనం బళ్లో చదువుకున్నవే. ఇలాంటివి కలిసిన సంశ్లిష్ట వాక్యంలో సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, ఒక్కటే, అదీ చివర్న. ఇంగ్లీషులో 'ఇఫ్ ఇట్ రెయిన్స్, ద మ్యాచ్ విల్ స్టాప్' అన్నప్పుడు 'రెయిన్స్' కూడా పూర్తి క్రియే, చూడ్డానికి అసమాపకంలా ఏమీ ఉండదు. ఆధారపడిన సంగతి చెప్పేది ముందున్న 'ఇఫ్' ఒక్కటే. తోక వెతకడం అలవాటైన కళ్లకు తలలో ఉన్న గుర్తు ఆనదు.

అందుకే వాక్యాన్ని క్లాజులుగా విడదీసేటప్పుడు అర్థంతో మొదలుపెట్టకుండా క్రియలతో మొదలుపెట్టాలి. కాలం చూపించే ప్రతి క్రియ కిందా గీత గీయాలి. 'టు గో', 'గోయింగ్' లాంటివి ఒంటరిగా ఉంటే లెక్కలోకి రావు. 'వుడ్ రిటర్న్' రెండు మాటలైనా ఒకటే లెక్క. ఎన్ని గీతలో అన్ని క్లాజులు. ఆ తర్వాత ఒక్కో క్రియ కర్త దగ్గరికి వెళ్లి, అక్కడ 'హూ', 'దట్', 'ఇఫ్', 'వెన్' లాంటి తలమాట ఉందేమో చూడాలి. అది లేని క్రియదే మెయిన్ క్లాజ్.

'ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్డే సెడ్ దట్ హీ వుడ్ రిటర్న్ ఇఫ్ హీ ఫౌండ్ టైమ్.' కేమ్, సెడ్, వుడ్ రిటర్న్, ఫౌండ్: నాలుగు గీతలు. 'కేమ్'కి 'హూ' ఉంది, 'వుడ్ రిటర్న్'కి 'దట్', 'ఫౌండ్'కి 'ఇఫ్'. తలమాట లేనిది 'సెడ్' ఒక్కటే. కాబట్టి మెయిన్ క్లాజ్ నడుము 'ద మ్యాన్ సెడ్'. 'హూ' క్లాజ్ మనిషిని గుర్తుపట్టిస్తోంది కనుక యాడ్జెక్టివ్ క్లాజ్, 'దట్' క్లాజ్ ఏమన్నాడో చెబుతోంది కనుక నౌన్ క్లాజ్, 'ఇఫ్' క్లాజ్ షరతు కనుక యాడ్వెర్బ్ క్లాజ్. ఒక్కోసారి 'దట్' దాక్కుంటుంది. 'ఐ నో హీ కేమ్'లో తలమాట కనిపించదు, కానీ 'నో' తర్వాత 'దట్' పెట్టి చదివితే సరిగ్గా అతుకుతుంది.

'పూర్తి అర్థం ఇచ్చేది మెయిన్ క్లాజ్' అని గైడుల్లో రాసే నిర్వచనం నాకు నచ్చదు. పై వాక్యంలో 'ద మ్యాన్ సెడ్' పూర్తి అర్థం ఇవ్వడం లేదు కదా. నౌన్ క్లాజ్ వచ్చిన చోటల్లా ఆ సూత్రం బెడిసికొడుతుంది. 'దట్' నుంచి చివరిదాకా అరచేత్తో కప్పి, అక్కడ 'సమ్‌థింగ్' పెట్టి చదివితే వాక్యం నిలబడుతుంది. నౌన్ క్లాజ్ అనడానికి ఆ పరీక్ష చాలు.

మిగతా తప్పులకూ వేరు తెలుగులోనే దొరుకుతుంది. 'పడితే'లో కాలం లేదు, అందుకని భవిష్యత్తు అనుకుని 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్' అని రాసేస్తారు. షరతు వైపు 'రెయిన్స్', ఫలితం వైపు 'విల్' రావాలి. 'అయినా కానీ' అనే నోటి అలవాటు 'ఆల్దో'కి తోడుగా 'బట్'ని కూడా లాక్కొస్తుంది. రెంటిలో ఒకటే ఉండాలి. ('దో' తర్వాత 'యెట్' పాత రచనల్లో కనిపిస్తుంది, అది తప్పు కాదు.) 'వేర్ ఈజ్ హీ' అన్న ప్రశ్న 'ఐ డోంట్ నో' వెనక చేరితే ప్రశ్న వరుస వదిలేసి 'వేర్ హీ ఈజ్' కావాలి. 'ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్' అని రాస్తున్నారు. 'నేను కొన్న పుస్తకం'లో 'దాన్ని' అనం కదా, ఇక్కడా 'ఇట్' అక్కర్లేదు, ఆ పని 'విచ్' చేసేసింది.

రేపు మొదటి పీరియడ్‌లో బోర్డు మీద కొత్త సూత్రం ఏదీ రాయను. ఇవాళ్టి రెండు ముక్కలే రాసి, ఫుల్‌స్టాప్ చెరిపి, 'బీ'ని చిన్నది చేయిస్తాను. తర్వాత అదే 'బికాజ్' ముక్కను వాక్యం మొదటికి తెప్పిస్తాను. అప్పుడు 'రైనింగ్' పక్కన కామా పడాలి. వెనక ఉన్నప్పుడు ఆ కామా ఎందుకు అక్కర్లేకపోయిందో వాళ్లనే చెప్పమంటాను.