ఒంటరిగా మూస్ వేట: ఏడు నెలల తయారీ, తొమ్మిది రోజుల క్యాంపు

ఫిబ్రవరి 18

ఈ ఏడాది నేనుండే అలాస్కాలో మూస్ (జింక జాతిలో అతిపెద్ద జంతువు) వేటకు ఒక్కడినే వెళ్లాలని నిర్ణయించుకున్నాను. పోయిన రెండు సీజన్లూ ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన వెంట వెళ్లాను, ఆయన కాల్చారు, నేను మోశాను. ఆ మోతలోనే అసలు సంగతి అర్థమైంది. అలాస్కా మూస్ అంటే మన కణుజును ఊహించుకోవద్దు, పెద్ద మగది 1,600 పౌండ్ల దాకా తూగుతుంది, ఒక్కదాని నుంచి ఎముక తీసేసిన మాంసమే 500 పౌండ్లు రావచ్చు. అంటే 225 కిలోలకు పైమాట. తినదగ్గ మాంసం అడవిలో వదిలేసి రావడం ఇక్కడ నేరం, పైగా వదిలేయాలని నాకూ లేదు. అందుకే నా ప్లాన్ మొత్తం ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతోంది: ఎక్కడ కాలిస్తే ఒక్కడినే పాడవకుండా రోడ్డు దాకా తేగలను?

ఇండియాలో ఉన్న స్నేహితులు ముందు అడిగేది ఇది చట్టబద్ధమేనా అని. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట లేదు, ఉండకూడదు కూడా. ఇక్కడ రాష్ట్ర వన్యప్రాణి శాఖ మందలను లెక్కపెట్టి, రాష్ట్రాన్ని యూనిట్లనే వేట ప్రాంతాలుగా విడగొట్టి, వాటి వారీగా సీజన్లు పెట్టి, ఏ కొమ్ములున్న దాన్ని కొట్టవచ్చో కూడా రాసిపెడుతుంది. రాష్ట్రంలో 12 నెలలు స్థిరంగా ఉంటే రెసిడెంట్ లైసెన్స్ 45 డాలర్లు, మూస్‌కు హార్వెస్ట్ టికెట్, అంటే కొట్టాక తేదీ గుర్తు పెట్టాల్సిన చీటీ, ఉచితం. అమెరికా పౌరసత్వం గానీ, అమెరికాలో స్థిర నివాసం గానీ లేని మనవాళ్లు మాత్రం గుర్తుంచుకోండి, మీకు ఇక్కడ పెద్ద జంతువుల వేట దేనికైనా గైడ్ తప్పనిసరి. ఇంకోటి, 1986 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లు యూనిట్ 13 లాంటి చోట్ల వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి ఉండాలి. నాది అయిపోయింది.

మార్చి 30

చోటు ఖాయం చేశాను. యూనిట్ 13, డెనాలీ హైవే. పాక్సన్ నుంచి కాంట్‌వెల్ దాకా 135 మైళ్లు, పాక్సన్ వైపు మొదటి 21 మైళ్లు తారు, ఆ తర్వాత దాదాపు అంతా కంకర. మక్లారెన్ నది దాటాక రోడ్డుకు ఉత్తరాన క్లియర్‌వాటర్ క్రీక్ పేరుతో ఒక ప్రాంతం ఉంది, అక్కడ వేటకు మోటారు బండ్లు వాడకూడదు. అడవిలో నడిపే నాలుగు చక్రాల ఏటీవీలున్నవాళ్లు అటు రారు. నాకు ఏటీవీ లేదు, కాళ్లున్నాయి, కాబట్టి అదే నా చోటు.

మ్యాప్ మీద ఎత్తు గీతలు చూసి, రోడ్డుకు దగ్గరగా ఉండి, ఎక్కి కూర్చుంటే నాలుగు వైపులా కనిపించే మూడు గుట్టలు గుర్తు పెట్టుకున్నాను. గుట్ట కంటే ముఖ్యం గుట్టకీ రోడ్డుకీ మధ్య ఏముందనేది. ఉపగ్రహ చిత్రంలో నున్నటి లేత పసుపు మైదానంలా కనిపించేదంతా చిత్తడి నేల.

మే 25

బరువు మోయడం మొదలుపెట్టాను. జిమ్‌లో ఇనుము ఎత్తితే ఈ పనికి సరిపోదు. ఇంట్లో సోనా మసూరి 20 పౌండ్ల బస్తాలు ఉంటాయి కదా, ఫ్రేమ్ ప్యాక్‌కి (గట్టి చట్రం ఉన్న వీపు సంచి) రెండు కట్టుకుని ఫ్లాట్‌టాప్ కొండ దారిలో ఎక్కడం దిగడం. మొదటి వారం రెండు బస్తాలు, ఇప్పుడు మూడు. దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తున్నాయి, అందుకని రెండు చేతికర్రలు కొన్నాను. ఇవి లేకుండా వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాను.

రైఫిల్ పాతదే, థర్టీ-ఆట్-సిక్స్, 180 గ్రెయిన్ తూటా. మూస్‌కు ఇంతకంటే పెద్దది అక్కర్లేదని నా అభిప్రాయం. భుజం అదిరిపోయే రైఫిల్ కొని గురి తప్పేకంటే అలవాటైన దాంతో ఊపిరితిత్తుల మీద పెట్టడం మేలు. రాబిట్ క్రీక్ షూటింగ్ రేంజ్‌లో 100 గజాలకు గురి సరిచేశాను (జీరో), ఆ తర్వాత బెంచీ వదిలేసి కూర్చుని, మోకాళ్ల మీద ఉండి కాల్చడమే ప్రాక్టీసు. నాకు నేను పెట్టుకున్న హద్దు 200 గజాలు.

జులై 13

ఈ ఏడాది చేసిన పనుల్లో అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే. నాలుగు బస్తాలు, అంటే 36 కిలోలు, కట్టుకుని నేరుగా ఆ చోటికే వెళ్లి నడిచి చూశాను. టస్సక్‌లు అని ఉంటాయి, నీళ్లలోంచి లేచిన గడ్డి దిబ్బలు, ఒక్కోటి బిందె బోర్లించినట్టు ఉంటుంది. పైన కాలు పెడితే పక్కకు ఒరుగుతుంది, మధ్యలో పెడితే మోకాలి దాకా నీళ్లు. ఒక్క కిలోమీటరుకు 48 నిమిషాలు పట్టింది. సగం దారిలో ప్యాక్ నడుము బెల్టు బకిల్ విరిగిపోయి బరువంతా భుజాల మీద పడింది, దిబ్బ మీంచి జారి ఎడమ మడమ మెలిక తిరిగింది. ఐదు రోజులు కుంటుతూ నడిచాను. అదే సెప్టెంబరులో, ఒక్కడినే ఉన్నప్పుడు జరిగి ఉంటే?

ఆ రోజు రాత్రే లెక్క వేశాను. పెద్ద మూస్ అయితే ఎముకతో కలిపి ఎనిమిది నుంచి పది ట్రిప్పులు. కిలోమీటరుకు వెళ్లడం అరగంట, రావడం ముప్పావు గంట పైన, మధ్యలో విశ్రాంతి. రోజుకు నాలుగు ట్రిప్పులకు మించి చేస్తే మడమ మళ్లీ మెలిక తిరుగుతుంది. మాంసం మూడు రోజుల్లోపు నీడకు, గాలికి చేరాలి. అలా తేలిన హద్దు: రోడ్డు మీద ఆపిన నా బండి నుంచి 1.5 కిలోమీటర్లు. నోట్‌బుక్ మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. కొత్త బకిల్‌తో పాటు ఇంకో రెండు స్పేర్ కూడా తెప్పించాను.

ఆగస్టు 24

కొమ్ముల సంగతి. యూనిట్ 13 జనరల్ సీజన్ సెప్టెంబరు 1 నుంచి 20. కొట్టదగ్గ మగది అంటే కొమ్ముల వెడల్పు 50 అంగుళాలైనా ఉండాలి, లేదా కనీసం ఒక వైపు నాలుగు బ్రౌ టైన్లు, అంటే నుదుటి వైపు ముందుకు పొడుచుకొచ్చే మొనలు, అయినా ఉండాలి, లేదంటే స్పైక్-ఫోర్క్, అంటే కనీసం ఒక వైపు ఒకే మొనో రెండే మొనలో ఉన్న చిన్న మగది. మధ్య వయసువన్నీ బతికి మందను నిలబెడతాయని ఈ రూలు. నాకు ఇది చాలా నచ్చిన రూలు, కానీ దుర్భిణిలో చూస్తూ తేల్చుకోవడం అంత తేలిక కాదు.

ముఖం ముందు నుంచి చూసినప్పుడు రెండు కళ్ల దగ్గర వెడల్పు సుమారు 10 అంగుళాలు. అటు రెండు ముఖాలు, ఇటు రెండు ముఖాలు పట్టేంత కొమ్ము ఉంటేనే 50. పవర్‌లైన్ పాస్ దారిలో మూస్‌లు కనిపిస్తాయి, అక్కడ నేను వెళ్లేది చూడటానికే, నాలుగు ఆదివారాలు కూర్చుని ఒక్కోదానికి అంచనా రాసుకున్నాను. తల పక్కకు తిప్పగానే 44 కూడా 52లా కనిపిస్తుంది. అనుమానం ఉంటే కాల్చకూడదు, అంతే.

సామాన్లలో ముఖ్యమైనవి: గాలి ఆడే బట్ట సంచులు పది, రెండు కత్తులు, మార్చుకునే బ్లేడ్లు, 30 మీటర్ల తాడు, పెద్ద టార్ప్ (టార్పాలిన్), ఎలుగుబంట్ల కోసం పెప్పర్ స్ప్రే, శాటిలైట్ మెసెంజర్, రెండు స్పేర్ టైర్లు. ఆ కంకర రోడ్డుకు ఒకటి చాలదు. గాలి ఎటు వీస్తోందో చూడటానికి చిన్న పిచికారీ సీసాలో పాండ్స్ పౌడర్. మాంసం మీద ఈగలు వాలకుండా నిమ్మ ఉప్పు నీళ్లలో కలిపి స్ప్రే సీసా. తిండికి అటుకులు, ఉప్మా మిక్స్, పులిహోర పేస్టు, నెయ్యి, వేయించిన పల్లీలు.

మా ఆవిడతో ఒప్పందం: పొద్దున 7కి, రాత్రి 9కి మెసేజ్. వరసగా రెండు రాకపోతే స్టేట్ ట్రూపర్స్‌కు (రాష్ట్ర పోలీసులు) ఫోన్. క్యాంపు చోటు, మూడు గుట్టల గుర్తులు, బండి నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. తనకు టెన్షన్ లేదని చెప్పను, కానీ ఆ కాగితం పెట్టాక కొంచెం తగ్గింది.

సెప్టెంబరు 8, క్యాంపు నాలుగో రోజు

రాత్రిళ్లు మైనస్ 3, పగలు 9. మాంసానికి ఇంతకంటే మంచి వాతావరణం ఉండదు. మూడు రోజుల్లో ఆడవి ఏడు, దూడలు మూడు, ఒక గ్రిజ్లీ ఎలుగు నది అవతల బ్లూబెర్రీలు తింటూ.

పొద్దున 8:20కి రెండో గుట్ట మీద నుంచి చూస్తుంటే విల్లో పొదల పైన తెల్లగా ఏదో మెరిసింది. కొమ్ములు. స్కోప్ పెట్టి చూశాను, అనుమానమే లేదు, 55 పైనే. గుండె దడదడలాడింది. మ్యాప్ తీసి కొలిచాను, నా దగ్గర నుంచి 1.3, బండి నుంచి 2.6 కిలోమీటర్లు, మధ్యలో జులైలో నన్ను పడేసిన లాంటి చిత్తడే. గంటన్నర చూస్తూ కూర్చున్నాను. ఒకసారి ఆడదాని గొంతుతో పిలుద్దామా అనుకున్నాను, కానీ అది ఇటు వచ్చినా ఆ చిత్తడి మధ్యలోనే ఆగే అవకాశం ఎక్కువ. నోట్‌బుక్ తీసి మొదటి పేజీ చూసి మూసేశాను. అది నెమ్మదిగా గట్టు అవతలికి దిగిపోయింది. రాత్రి ఉప్మా సహించలేదు. ఇప్పటికీ అది కళ్ల ముందు కదులుతూనే ఉంది, అయినా వెళ్లనందుకు బాధ లేదు.

సెప్టెంబరు 10

సాయంత్రం ఇంకోటి, 700 మీటర్లలోనే. వెడల్పు 46-48 మధ్య. కుడివైపు మొనలు మూడు, ఎడమవైపు కొమ్మ అడ్డం. నలభై నిమిషాల్లో ఒక్కసారి కూడా ఎడమవైపు సరిగ్గా చూపించలేదు. చీకటి పడింది. వదిలేశాను.

సెప్టెంబరు 12

దొరికింది.

పొద్దున 7:40కి మొదటి గుట్ట కింద కూర్చుని ఎండిన భుజం ఎముకతో పొదను గీకాను, పది నిమిషాలాగి ముక్కు మూసుకుని ఆడదాని పిలుపు, సాగదీసి, రెండుసార్లు. పెద్దవి గుర్రుమంటూ కొమ్మలు విరుచుకుంటూ వస్తాయి, చిన్నవి చప్పుడు లేకుండా వస్తాయి. ఇరవై నిమిషాల తర్వాత తల తిప్పేసరికి 140 గజాల్లో నిలబడి ఉంది. చిన్నది. కుడి కొమ్ము ఒకటే మొన, ఎడమది రెండుగా చీలింది. మూడుసార్లు లెక్కపెట్టాను. పౌడర్ చల్లితే గాలి నా ముఖం మీదకే వస్తోంది. బండి నుంచి 1.1 కిలోమీటర్లు. పక్కకు తిరిగేదాకా ఆగి, ముందు కాలి వెనకగా తూటా పెట్టాను. అది ఓ ముప్పై అడుగులు నడిచి కూర్చుండిపోయింది. నేను ఇరవై నిమిషాలు కదల్లేదు.

దగ్గరికి వెళ్లి మెడ మీద చెయ్యి వేశాను. బొచ్చు పైన గరుకుగా, లోపల దూదిలా మెత్తగా ఉంది, అప్పటికే మంచు కరిగి తడిగా, ఇంకా వెచ్చగా. కాసేపు అలాగే కూర్చుని దానికి దండం పెట్టుకున్నాను. తర్వాత ముందుగా చేసిన పని హార్వెస్ట్ టికెట్ మీద నెల, తేదీ కత్తిరించడం.

కోత పొట్ట తెరవకుండా, ఒక పక్క చర్మం ఒలిచి, ఆ పక్క ముందు కాలు, తొడ, వీపు కండ, మెడ తీసి, తర్వాత తిప్పి రెండో పక్క. ఒంటరిగా తిప్పడమే కష్టం. పైకాలికి తాడు కట్టి విల్లో మొదలుకు బిగించి, కొంచెం ఎత్తి, మళ్లీ బిగించి, అలా నాలుగు విడతల్లో తిరిగింది. తొడలు, ముందు కాళ్లు ఎముకతోనే ఉంచాలి, మగదన్న గుర్తు ఒక తొడకు సహజంగా అంటుకునే ఉండాలి, కొమ్ములు పుర్రె నుంచి విడదీయలేదు. నాలుగున్నర గంటలు పట్టింది. సంచులన్నీ పేగులున్న చోటు నుంచి వంద మీటర్లు అవతలికి, దూరం నుంచి కనిపించే బయలుకు చేర్చాను, ఎలుగు వస్తే ముందు పేగుల దగ్గరే ఆగుతుందని. ప్రతి ట్రిప్పుకూ గట్టిగా పాట పాడుకుంటూనే తిరిగి వెళ్లాను.

ట్రిప్పులు ఏడు. తొడలు 36 కిలోల చొప్పున రెండు, ముందు కాళ్లు 27 చొప్పున రెండు, పక్కటెముకలు 24, మెడా వీపు కండా మిగతావి 30. మొదటి రోజు మూడు, రెండో రోజు నాలుగు. కొమ్ములు ఆఖరి, ఏడో ట్రిప్పులోనే రావాలి, మాంసం కంటే ముందు తేకూడదు.

ఒక తప్పు చేశాను. మొదటి రాత్రి అలసిపోయి మూడు సంచులూ బండి వెనక ఒకదాని మీద ఒకటి పడేశాను. పదకొండుకు అనుమానమొచ్చి మధ్యలో చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. వెంటనే లేచి టెంటుకు దూరంగా టార్ప్ కింద కర్రలకు విడివిడిగా వేలాడదీశాను. మా నాయనమ్మ మటన్ ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, దారానికి గుచ్చి దండెం మీద ఆరబెట్టేటప్పుడు ఒక ముక్కకు ఇంకో ముక్క తగలనిచ్చేది కాదు. తెల్లారేసరికి పైన పొర ఎండి, వేలితో తడితే కాగితంలా చప్పుడు చేసింది. ఇక ఈగ గుడ్డు పెట్టలేదు.

సెప్టెంబరు 22

ఇల్లు. గ్యారేజీలో 3-4 డిగ్రీల్లో ఐదు రోజులు వేలాడదీసి, మూడు సాయంత్రాలు కూర్చుని కోశాం. ఎముక తీశాక 114 కిలోలు. వారం కిందటే ఆన్‌లైన్‌లో హార్వెస్ట్ రిపోర్ట్ ఇచ్చేశాను, గడువు 15 రోజులు. ఒక ముందు కాలు పెద్దాయనకు ఇచ్చాను, ఆయన నేర్పిందే కదా.

కొవ్వు దాదాపు లేదు, కాబట్టి కూర మామూలు మటన్‌లా వండితే గట్టిపడుతుంది. కుక్కర్‌లో ఆరేడు విజిల్స్, నూనె కొంచెం ఎక్కువ, చివర్లో గసగసాల ముద్ద. కీమా మాత్రం అద్భుతం. ఆరు కిలోలు సన్నగా కోసి ఉప్పు, పసుపు, కారం పట్టించి డీహైడ్రేటర్‌లో పెట్టాను. వీడియో కాల్‌లో అమ్మ చూసి ఇంకొంచెం పలచగా కోయాల్సిందిరా అంది. రెండో ట్రే అలాగే కోశాను, ఇప్పుడు ఆరుతోంది.

వచ్చే ఏడాదికి మార్చేవి: తొడల వరకు వచ్చే రబ్బరు బూట్లు, ఇంకో 20 మీటర్ల తాడు, వేలాడదీయడానికి ఇంటి నుంచే నాలుగు కర్రలు.